పన్నెండు పరుపుల పెట్టెలు

ఉదయం ఎనిమిదీ పదికి ఫెర్రీ రేవు ఒడ్డున ఆగింది. అందరూ దిగారు. కిటికీ పక్క సీట్లో ఒకాయన మాత్రం దిగలేదు.

"సార్, లాస్ట్ స్టాప్. ఇక ముందుకెళ్తే సముద్రమే," అన్నాడు టికెట్లు చింపే మనిషి.

ఆయన కదల్లేదు. ఒళ్ళో టిఫిన్ డబ్బా, దాని మీద రెండు చేతులు. కుడి చెవి వెనక ఆవగింజంత ఎర్రటి చుక్క. పక్క సీట్లో పేపరు చదువుకుంటూ వచ్చిన మనిషి ఏ ఒడ్డున దిగాడో, ఎలా ఉన్నాడో ఎవరూ చెప్పలేకపోయారు.

చనిపోయినాయన రేవులో సర్వేయరు. ఎగుమతికి వెళ్ళే కంటెయినర్ల తూకాలు సరిగ్గా ఉన్నాయా లేవా అని తనిఖీ చెయ్యడం పాతికేళ్ళుగా ఆయన పని. ఆ ఉదయం ఏదో చిన్న విషయానికి భార్యతో గొడవపడి, గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. సాయంత్రం మాట్లాడుకోవచ్చులే అనుకున్నాడు. అందరూ అలాగే అనుకుంటారు.

ఎడమకాలి మేజోడులో మడిచిన కాగితం ఒకటి దొరికింది. దాని మీద పెన్సిల్‌తో అయిదు అంకెలు: 28460.

* * *

గూఢచారుల డిపార్ట్‌మెంట్ ఒక డ్రైక్లీనింగ్ షాపు పై అంతస్తులో ఉంటుంది. కింద ఇస్త్రీ చేసే ఆవిరికి మెట్లు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. నాలుగు రోజుల తర్వాత గుమాస్తా గోడ పట్టుకుని ఆ మెట్లు జాగ్రత్తగా ఎక్కాడు.

గుమాస్తా అన్నది అతని పేరు కాదు. పేరు ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది, బీరువా తాళం డిపార్ట్‌మెంట్ పెద్దాయన దగ్గర ఉంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అతను వేసిన వేషాలన్నీ గుమాస్తా వేషాలే. బ్యాంకు గుమాస్తా, పోస్టాఫీసు గుమాస్తా, ఒకసారి ఏడాదిన్నరపాటు శత్రుదేశపు మంత్రి ఆఫీసులో టపా గుమాస్తా. అతని ముఖం చూసినవాళ్ళు మరునాటికి మరిచిపోతారు. గూఢచారికి అంతకు మించిన ఆస్తి లేదు. మనిషికి అంతకు మించిన దిగులూ లేదు.

"కూర్చో," అన్నాడు పెద్దాయన. కాగితం ముందుకు తోశాడు. "ఏమిటిది?"

"ఫోన్ నంబరా సార్?"

"కాదు. రేడియో ఫ్రీక్వెన్సీ కాదు. లాకర్ నంబరు కాదు. కోడ్ సెక్షన్ వాళ్ళకి మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు. పేజీ, లైను, మాట అనుకుని నలభై పుస్తకాలు తిరగేశారు. ఒకదాంట్లో 'గుమ్మడికాయ' అని వచ్చింది."

"గుమ్మడికాయా?"

"నవ్వకు. దాని మీద పన్నెండు పేజీల రిపోర్టు రాశారు." పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "ఒంట్లో దొరికిన విషం మాత్రం అవతలిగట్టుది."

అవతలిగట్టు అంటే ఒక విదేశీ ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న పేరు. ఆ పేరు వింటే గదిలో ఉన్నవాళ్ళు తెలియకుండానే గొంతు తగ్గిస్తారు.

"రేవు రెండో గేటు దగ్గర కాటా ఉంది. లారీతో సహా కంటెయినర్‌ని తూచే వేబ్రిడ్జి. అక్కడ గుమాస్తా పోస్టు ఖాళీ. సోమవారం నుంచి నువ్వే. ఓడ ఎక్కే ప్రతి పెట్టెనీ ముందు తూచాలి, ఇంత బరువని చీటీ రాయాలి, తూచినవాడు సంతకం పెట్టాలి. ఆ చీటీ లేకుండా క్రేను పెట్టెని ముట్టుకోదు. అంటే బయటికి పోయే ప్రతి పెట్టే నీ ముందునుంచే పోవాలి. కళ్ళు తెరుచుకుని కూర్చో, చాలు."

"నాకు తూకం రాదు సార్."

"మీట నొక్కడమే కదా. అయినా తూకం ఎవడిక్కావాలయ్యా? అది కవర్, పైవేషం."

ఈ మాటని గుమాస్తా తర్వాత చాలాసార్లు తలుచుకున్నాడు. తప్పు పెద్దాయన మీదికి నెట్టెయ్యడానికి బాగా పనికొచ్చే మాట. ఎంత ప్రయత్నించినా నెట్టలేకపోయాడు.

గాడ్జెట్లు ఇచ్చే అతన్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ బామ్మర్ది అంటారు. పెద్దాయనకి సొంత బామ్మర్దే. ఉద్యోగం కూడా అందుకే వచ్చిందని అతని వెనక అనుకుంటారు. అతను బల్ల మీద మూడు వస్తువులు పరిచాడు.

"ఇది వాచీ. ఇందులో రేడియో. ఇది చొక్కా గుండీ. చుట్టుపక్కల పేలుడు సామానుంటే వణుకుతుంది. ఇది పెన్ను. క్యాప్ తిప్పితే మత్తు గ్యాస్. ఒక్క సెకండ్‌లో ఎదుటివాడు ఫ్లాట్."

"పనిచేస్తుందా?"

"బావగారి మీద ఒట్టు."

పెద్దాయన అతన్ని ఒక చూపు చూసి, సొరుగులోంచి ఫోటో తీశాడు. వెంటనే ఇవ్వలేదు. బొటనవేలితో దాని అంచు రాస్తూ కూర్చున్నాడు.

"షిప్పింగ్ ఏజెన్సీలో మనకో మనిషి ఉంది. అవతలిగట్టు జీతం తీసుకుంటూ రెండేళ్ళుగా మనకి కబుర్లు పంపుతోంది. నీలం గొడుగు గుర్తు. 'గొడుగు బాగుచేసేవాళ్ళున్నారా' అంటుంది. 'ఎండకా, వానకా' అని నువ్వడగాలి. 'రెంటికీ' అంటే ఆవిడే." ఫోటో బోర్లించి ఇచ్చాడు. "నీకు తెలిసిన మనిషే."

గుమాస్తా తిప్పి చూశాడు. కుడివైపు పాపిట దగ్గర ఒక పాయ తెల్లబడింది. మిగతాదంతా ఆమే.

పదేళ్ళ కిందట, పరాయిదేశంలో ఒక రైల్వేస్టేషన్. భార్యాభర్తల కవర్. ఆమె పెట్టె మీద కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. చెవిలో పెద్దాయన ఆర్డరు వినిపించింది: మీ ఇద్దరి గుట్టూ బయటపడింది, నువ్వొక్కడివే వచ్చెయ్, ఫిల్ము నీ దగ్గరుంది, ఆవిడ సంగతి నేను చూసుకుంటాను.

"ఐదు నిమిషాల్లో వస్తా," అన్నాడు గుమాస్తా.

"నీళ్ళ సీసా కూడా పట్టుకురా," అంది ఆమె, తల ఎత్తకుండా.

అతను వెయిటింగ్ రూములోకి వెళ్ళి రెండో తలుపులోంచి బయటికి నడిచిపోయాడు. ఆమె మూడేళ్ళు జైల్లో ఉంది. పెద్దాయన ఏమీ చూసుకోలేదు. చివరికి విడిపించింది అవతలిగట్టు.

"వేరే ఎవరినైనా పంపండి సార్," అన్నాడు గుమాస్తా.

"నిన్నే పంపమని ఆవిడే అడిగింది," అన్నాడు పెద్దాయన.

* * *

కాటా గది అంటే నాలుగువైపులా అద్దాలు, రెక్కలకి జాలీ లేని ఫ్యాను, చీటీలు నమిలేసే ప్రింటరు, లారీ వెనకభాగం కనబడేలా బయట బిగించిన గుండ్రటి అద్దం. రెండో కాటా మీద కూర్చునే ఆవిడని డ్రైవర్లందరూ కాటా అక్క అంటారు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మొదటిరోజే గుమాస్తాని తన రెక్కల చాటుకి తీసుకుంది.

"చూడు తమ్ముడూ. లారీ ఖాళీ బరువు కంప్యూటర్‌లో ఉంటుంది. మొత్తంలోంచి అది తీసేస్తే పెట్టె బరువు. అంకె నిలకడగా నిలబడే దాకా ఆగాలి, నలభై సెకండ్లు. ఆ తర్వాత చీటీ."

"అంతేనా?"

"రూలు అంతే. ఇక బతుకు సంగతి చెప్తా విను." కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఒకే పార్టీ, ఒకే సరుకు, పది బండ్లు వరసగా వస్తే మొదటిదాన్నే తూస్తాం. మిగతావి ఊరికే దాటిస్తూ ఈ రిపీట్ మీట నొక్కుతాం. అదే అంకె పడుతుంది. లేకపోతే క్యూ ఊళ్ళోకి పోతుంది, డ్రైవర్లు మన వంశాన్నంతా తలుచుకుంటారు."

"ఎవరూ ఏమీ అనరా?"

"సర్వేయరుగారు పోరేవారు పాపం. ఒక్కొక్కటీ తూచమ్మా, కింద మనుషులుంటారు అని. రోజూ చెప్పేవారు. రోజూ సరే అనేదాన్ని." కాటా అక్క చీర కొంగుతో కీబోర్డు తుడిచింది. "ఇప్పుడు అనేవాళ్ళు లేరు."

ఐదు రోజులు గడిచాయి. గుమాస్తా గుండీ వంక చూశాడు, డ్రైవర్ల బూట్ల వంక చూశాడు, గేటు దగ్గర ఆగే ప్రతి కారు నంబరూ కంఠస్థం చేశాడు. తూకాల వంక మాత్రం చూడలేదు. మూడో రోజు పెన్ను జేబులోనే కారి చొక్కా అంతా సిరా అయింది. గ్యాస్ జాడ లేదు. బావగారి మీద ఒట్టు అంతవరకే పనిచేసింది.

ఆరో రోజు మధ్యాహ్నం రెండూ పావుకి పరుపులు వచ్చాయి.

పన్నెండు లారీలు, పన్నెండు తెల్ల పెట్టెలు. ఫోమ్ పరుపులు ఎగుమతి చేసే ఆసామి తనే తెల్లకారులో వెనక వచ్చాడు. చామనఛాయ, నున్నటి గడ్డం, ఎవర్ని చూసినా చిరునవ్వు. రేవంతా అతన్ని పరుపులాయన అంటుంది. కారు ఏజెన్సీవైపు పోయింది. మొదటి లారీ కాటా ఎక్కింది. గుమాస్తా నలభై సెకండ్లు ఆగాడు. 9,840 కిలోలు. పరుపులు కదా, సరిపోయింది. చీటీ, సంతకం.

రెండో లారీ కాటా ఎక్కుతుంటే కిటికీ ముందు నీలం గొడుగు విచ్చుకుంది.

"ఇక్కడ గొడుగు బాగుచేసేవాళ్ళున్నారా?"

గుమాస్తా తల ఎత్తకుండానే ఆ గొంతు గుర్తుపట్టాడు. "ఎండకా, వానకా?"

"రెంటికీ."

నల్లకళ్ళజోడు, ముదురాకుపచ్చ పట్టుచీర, చేతిలో ఏజెన్సీ కాగితాలు. క్యూలో ఉన్న డ్రైవర్లందరూ మెడలు సాచారు. ఆమె కాగితాలు కిటికీలోంచి తోస్తూ పెదవులు కదపకుండా మాట్లాడింది.

"ఈ పన్నెండు పెట్టెలే. ఏదో దాటిస్తున్నారు. ఏమిటో నాకు చెప్పరు. ఓడ నాలుగింటికి."

"గుండీ కదలడం లేదు," అన్నాడు గుమాస్తా.

"ఏ గుండీ?"

"ఏం లేదు."

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. గుమాస్తా రిపీట్ నొక్కాడు. చీటీ. సంతకం. మూడో లారీ.

"ఐదు నిమిషాలన్నావు," అంది ఆమె.

అతను తల దించుకున్నాడు.

"నీళ్ళ సీసా కూడా తెమ్మన్నాను. వాళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా తలుపు వంకే చూశాను, తెలుసా? పట్టుకున్నాక కూడా, నువ్వొస్తావు, నిన్నూ పట్టుకుంటారు అని భయపడ్డాను. ఎంత పిచ్చిదాన్నో చూడు."

రిపీట్. చీటీ. సంతకం. అయిదో లారీ, ఆరో లారీ. అతను తల ఎత్తితే ఎదురుగా ఆమె ముఖం. ఆమె ముఖానికి పక్కనే కాటా అంకెలు చూపించే ఎర్రదీపాల బోర్డు. ఆమె ముఖం చూడలేక అతను బోర్డు కూడా చూడలేదు. వేలు మాత్రం నొక్కుకుంటూ పోయింది. అద్దంలో లారీల టైర్లు బరువుకి నేలకి అతుక్కుపోయినట్టున్నాయి, కాని అతను అద్దం వంకా చూడలేదు. పన్నెండో చీటీ ఆమె చేతిలో పెట్టేదాకా అతను చూసింది ఆమె గోళ్ళనే.

"ఒక్క మాటైనా అనవేం?" అంది ఆమె.

"ఏమనను?"

"అదీ నిజమే," అంది. గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయింది.

* * *

మూడూ యాభైకి కాటా అక్క రొప్పుకుంటూ వచ్చింది.

"ఏం పరుపులు తమ్ముడూ అవి! యార్డు గేటు దగ్గర మురుగుకాలవ మీది సిమెంటు పలక ఫట్‌మని విరిగింది. ఆఖరి లారీ చక్రం దిగబడిపోయింది. పదకొండు వెళ్ళాయి, అది మాత్రం పోలేదు. ఇప్పుడే వెనక్కి లాగారు."

"పలక పాతదేమో."

"నిన్న ఇనపకడ్డీల బండ్లు పోయాయి దాని మీదనుంచి. చెక్కు చెదరలేదు."

గుమాస్తా కుర్చీ వెనక్కి పడింది. లారీ దగ్గరికి పరుగెత్తాడు. "అన్నా, కాటా ఎక్కించు."

"ఒకసారి తూచావుగా," అన్నాడు డ్రైవరు.

"తూచలేదు," అన్నాడు గుమాస్తా.

ఎర్ర అంకెలు పరుగెత్తాయి, తడబడ్డాయి, నిలబడ్డాయి. లారీ బరువు తీసేసి కంప్యూటర్ మిగిలింది చూపించింది. 28,460.

రేడియో కాదు. లాకర్ కాదు. గుమ్మడికాయ కాదు. బరువు. సర్వేయరు వేరే కాటా మీద ఈ పెట్టెనే తూచి, ఆ అంకె రాసుకుని, దాన్ని మేజోడులో దాచుకుని చచ్చిపోయాడు. తూచిన మొదటి పెట్టె ఒక్కటే నిజం పరుపులది. మిగతావాటిలో పరుపులు తలుపు దగ్గర రెండు వరసలే. వెనకంతా ఇనుమో, సీసమో. దాటించడానికి కాదు. బరువు కోసమే.

గుమాస్తాకి మొత్తం ఒక్కసారిగా కనబడింది. ఓడలో ఏ పెట్టె ఎక్కడ పెట్టాలన్నది చీటీలు చూసే నిర్ణయిస్తారు. బరువైనవి అడుగున, తేలికైనవి అన్నిటికంటే పైన. తొమ్మిది టన్నులని రాసి ఉంటే కళ్ళు మూసుకుని పైవరసలో పేరుస్తారు. చిన్న ఓడ. పైన రెండు వందల టన్నులు దొంగబరువు. రేవు మూతి దగ్గర ఓడలు బయటికి పోయే కాలువ గట్టిగా మలుపు తిరుగుతుంది. అక్కడ ఓడ తిప్పగానే ఒక పక్కకి పడుకుంటుంది. పంతొమ్మిది మంది మనుషులు. కాలువకి అడ్డంగా ఓడ. రేవు లోపల నౌకాదళం నౌకలన్నీ సీసాలో ఈగల్లా నెలరోజులు బందీ. అవతలిగట్టుకి కావలసింది అదే.

దూరంగా ఓడ కూత వేసింది. టైము మూడూ యాభై ఎనిమిది.

వాచీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సార్. తూకాలు తప్పు." నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"తప్పు తూకాలు వేసిందెవరు?" అన్నాడు పెద్దాయన.

కాటా అక్క పక్కనే నిలబడి వింటోంది.

"ఎవరో గుమాస్తా సార్," అన్నాడు.

"సరే. నువ్వు పరుపులాయన్ని వదలకు. వాడి వెనక ఎవరున్నారో నాకు కావాలి. కవర్ పోగొట్టుకోకు."

"ఓడ సంగతి?"

"ఓడ సంగతి నేను చూసుకుంటాను."

పదేళ్ళ కిందటి మాట. అదే గొంతు. గుమాస్తా వాచీ విప్పి కాటా అక్క చేతిలో పెట్టాడు. ఇంటర్‌కమ్‌లో పోర్టు కంట్రోల్‌ని పట్టుకున్నాడు. "ఏజెన్సీ చెప్పాలండీ. ఎవరు పడితే వాళ్ళు చెప్తే ఓడ ఆపుతామా?" అని పెట్టేశారు.

"ఆ మీట నేర్పింది నేనే తమ్ముడూ," అంది కాటా అక్క. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నొక్కింది నేను," అని గుమాస్తా పరుగు తీశాడు.

* * *

ఏజెన్సీ రెండో అంతస్తు. పొడవాటి గది, గోడనిండా ఓడల చార్టులు, కిటికీలోంచి రేవు మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది. రేడియో సెట్టు బల్ల మీద గురగురమంటోంది. ఆమె ఒక్కతే ఉంది.

"ఓడ ఆపాలి. రేడియో ఇవ్వు."

"ఏమైంది?"

చెప్పాడు. మొదటిసారి ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పాడు. ఆమె నల్లకళ్ళజోడు తీసింది. కళ్ళకింద నల్లటి చారలు.

"మా తమ్ముడు ఆ ఓడలో వంటవాడు," అంది. "నెలకిందట వీళ్ళే ఉద్యోగం ఇప్పించారు. మీ కుటుంబం మాది కాదా అన్నారు. నేను దణ్ణం పెట్టాను."

లోపలి గది తలుపు తెరుచుకుంది.

"కుటుంబమే కదమ్మా మరి," అన్నాడు పరుపులాయన. ఒక చేతిలో కాఫీ కప్పు, ఇంకో చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. "నీ కబుర్లు రెండువైపులా పోతున్నాయని తెలిశాకే తమ్ముణ్ణి ఎక్కించాం. ఇద్దరూ గోడ దగ్గరికి జరగండి. ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది." గుమాస్తావైపు చూసి నవ్వాడు. "ఈయన ఎంత మంచివాడమ్మా! ఇంకెవరైనా అయితే డబ్బులడిగేవారు, బేరమాడేవారు. పన్నెండు సంతకాలు అడక్కుండానే పెట్టాడు. లంచం కూడా మిగిల్చాడు నాకు."

పిస్టల్ గుండు తగిలినా అంత నొప్పి పుట్టేది కాదు.

కిటికీలో ఓడ కనబడుతోంది. తెల్లపెట్టెలు పైవరసలో పళ్ళలా మెరుస్తున్నాయి. మలుపు దగ్గర నీళ్ళ మీద తేలే ఎర్ర గుర్తు, బోయా. ఓడకీ బోయాకీ మధ్య నాలుగు ఓడల దూరం.

"వానొచ్చేలా ఉంది," అంది ఆమె. కిటికీ బయట ఎండ మండిపోతోంది.

పరుపులాయన అర సెకండ్ కిటికీవైపు చూశాడు. నీలం గొడుగు అతని ముఖం మీద ఫట్‌మని విచ్చుకుంది. గుండు గొడుగుని చీల్చుకుని చార్టులోకి దిగింది. గుమాస్తా జేబులోంచి పెన్ను లాగి క్యాప్ తిప్పాడు. గ్యాస్ రాలేదు. సిరా వచ్చింది. తిన్నగా రెండు కళ్ళల్లోకి. పరుపులాయన కేక పెట్టాడు, కాఫీ ఒలికింది, ఆమె టైపు మిషను రెండు చేతులతో ఎత్తి అతని నెత్తిన దించింది. పరుపులాయన పరుపు లేని నేల మీద పడ్డాడు.

"మాట్లాడు!" అంది ఆమె, రేడియో మైకు అతని చేతిలోకి నెడుతూ.

"పైలట్‌గారూ, ఏజెన్సీ. మలుపు తిప్పకండి. పైవరస పెట్టెలు బరువు తప్పు."

"ఏజెన్సీ, ఛానెల్ ఖాళీ చెయ్యండి." ఓడని రేవు దాటించే పైలట్ గొంతు విసుగ్గా ఉంది. "మలుపు మీదున్నాను. చీటీల కాపీలు నా ముందున్నాయి. తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై, పదకొండింటికీ. కింద తూచినవాడి సంతకం ఉంది. సంతకం ఉన్న కాగితాన్ని నమ్మాలా, నిన్నా?"

ఓడ ముక్కు బోయా దగ్గరికి వచ్చేసింది. ఆమె చూస్తోంది. ఈ ఛానెల్ రేవులో ప్రతి ఓడా, ప్రతి పడవా, ప్రతి క్రేనూ వింటాయి. తొమ్మిదో నంబరు క్రేను డ్రైవరు నుంచి కాటా అక్క దాకా. ఎక్కడో అవతలిగట్టు కూడా. మోసం చేశారని చెప్పొచ్చు. కంప్యూటర్ చెడిపోయిందని చెప్పొచ్చు. ఎవరో గుమాస్తా అని చెప్పొచ్చు.

"ఆ సంతకం నాది," అన్నాడు.

రేడియోలో గురగుర ఆగింది.

"కాటా గుమాస్తాని. మొదటి పెట్టెనే తూచాను. మిగతావి తూచలేదు. అదే అంకె కొట్టి సంతకం పెట్టాను. ఎవరూ బెదిరించలేదు. ఎవరూ అడగలేదు. నేను తల ఎత్తి చూడలేదండీ, అంతే. ఒక్కోటి ఇరవై ఎనిమిది టన్నులు. మీ కాళ్ళు పట్టుకుంటాను, తిప్పకండి."

ఒక సెకండ్. ఇంకో సెకండ్. ఓడ అప్పటికే ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది.

"చుక్కాని నడిమికి తే!" పైలట్ కేక రేడియోని చీల్చింది. "తిప్పొద్దు! ఇంజన్ ఆపు! లంగరు వదులు, రెండూ వదులు!"

తెల్లపెట్టెలు ఆకాశం మీద గీత గీసినట్టు వాలాయి. వాలి, అక్కడే ఆగాయి. ఓడ తిరగకుండా తిన్నగా పోయింది. కాలువ దాటి, బోయాని రాసుకుంటూ, అవతల మెత్తటి బురద మేటలో కడుపు దించి గేదెలా కూర్చుండిపోయింది. ఒరిగింది మెల్లగా సర్దుకుంది. కాలువ ఖాళీగా ఉంది.

చాలాసేపటికి పైలట్ గొంతు వినిపించింది. "అందరూ క్షేమం. గుమాస్తా, నువ్వింకా లైన్లో ఉన్నావా?"

"ఉన్నానండి."

"నీ పేరేమిటి?"

ఏ పేరు చెప్పాలో అతనికి తెలియలేదు. ఆమె మైకు తీసుకుని ఆపేసింది.

* * *

డిపార్ట్‌మెంట్ ఫైల్లో మిషన్ సక్సెస్ అని రాశారు. పరుపులాయన మూడు పేర్లు చెప్పాడు, ఆ పేర్లు ఇంకో ఏడు పేర్లు చెప్పాయి. ఫెర్రీలో పేపరు చదివినవాడు కూడా దొరికాడు. కోడ్ సెక్షన్ వాళ్ళు గుమ్మడికాయ రిపోర్టు చడీచప్పుడు లేకుండా వెనక్కి తీసుకున్నారు.

రెండో గేటు దగ్గర మాత్రం ఇంకో కాగితం అతికించారు. విధినిర్వహణలో ఘోరమైన అశ్రద్ధ చూపినందుకు తూకం గుమాస్తాని ఉద్యోగంలోంచి తొలగించడమైనది. పేరు దొంగపేరు. మిగతా ప్రతి అక్షరం నిజం. ఎన్ని మెడల్స్ వచ్చినా వాటితో వచ్చిన కాగితాలు గుమాస్తా ఏనాడూ నిలబడి చదువుకోలేదు. ఆ నోటీసు ముందు మాత్రం నిలబడి మొత్తం చదివాడు. పక్కన కాటాలో ఒక్కో లారీ మీదా నలభై సెకండ్లు ఆగుతోంది కాటా అక్క. క్యూ ఊళ్ళోకి పోయింది. డ్రైవర్లు ఆవిడ వంశాన్ని తలుచుకుంటున్నారు. ఆవిడ తల తిప్పడం లేదు.

సర్వేయరు ఇంటికి కూడా వెళ్ళాడు. ఆయన భార్యకి పెన్సిల్ కాగితం ఇచ్చి, ఆ అంకె ఏమిటో చెప్పాడు. పంతొమ్మిది మంది దానివల్లే బతికారన్నాడు.

"ఆ రోజు కోపంగా వెళ్ళారు," అంది ఆవిడ, కాగితం చూస్తూ. "డబ్బా మాత్రం మరిచిపోకుండా పట్టుకెళ్ళారు."

"ఒళ్ళోనే ఉందమ్మా. రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు," అన్నాడు గుమాస్తా. అది రిపోర్టులో చదివిన మాటే, కాని ఆవిడ దాన్ని మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు. వాళ్ళ గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే తన తప్పు చీటీల సంగతి కూడా చెప్పాలనిపించింది. చెప్పాడు. ఆవిడ కాగితం మడిచింది. "ఆయన ఉంటే బాగా తిట్టేవారు," అంది.

మూడో రోజు ఉదయం పోటుకి ఓడ తేలింది. పడవలు ఆగే జట్టీలో బెంచీ మీద గుమాస్తా కూర్చున్నాడు. చేతిలో నీళ్ళ సీసా. పక్కన ఆమె. గొడుగుకి గుండు చేసిన చిల్లు అలాగే ఉంది.

"తిట్టు," అన్నాడు అతను.

"దేనికి? పదేళ్ళ కిందటిదానికా, మొన్నటిదానికా?"

"రెంటికీ."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. పడవ ఒడ్డుకి తగిలింది. తమ్ముడు పడవలోంచే చెయ్యి ఊపుతూ, "ఒక్క గిన్నె కూడా పగల్లేదక్కా!" అని అరిచాడు. ఆమె లేచింది.

"ఐదు నిమిషాల్లో వస్తా," అంది.

గుమాస్తా కూర్చున్నాడు. జట్టీకి అవతలివైపు ఇంకో గేటు ఉంది. అందులోంచి బయటికి పోవడం ఎంత సులువో అతనికంటే బాగా ఎవరికీ తెలియదు. అతను ఆ గేటు వంక చూడలేదు. ఆమె వెళ్ళినవైపే చూశాడు. పది నిమిషాలైంది. ఇరవై అయింది. సీసాలో నీళ్ళు ఎండకి వేడెక్కాయి. తలుపు వంక చూస్తూ కూర్చోవడం అంటే ఏమిటో అతనికి ఇరవై అయిదో నిమిషంలో తెలిసింది. ముప్పయ్యో నిమిషంలో ఇంకా బాగా తెలిసింది.

ముప్పై ఏడో నిమిషంలో చిల్లుగొడుగు కనబడింది. ఆమె వచ్చి పక్కన కూర్చుని, సీసా అందుకుని, మూత తీసి తాగింది.

"ముప్పై ఏడు నిమిషాలైంది," అన్నాడు గుమాస్తా.

"నీకంటే తొందరగానే వచ్చాను," అంది ఆమె.